లారీ అమ్మేశాను, ట్యాక్స్ నోటీసు నాకే వచ్చింది!

ప్రశ్న: మాది నరసరావుపేట. 2022 జనవరిలో నా లారీని చిన్ననాటి స్నేహితుడికి అమ్మాను. నెలలోగా ఆర్‌సీ తన పేరుకు మార్చుకుంటానని నోటరీ అగ్రిమెంటులో రాసిచ్చాడు. నమ్మి ఊరుకున్నాను. ఇప్పుడు క్వార్టర్లీ ట్యాక్స్ బకాయి, పెనాల్టీ కట్టమని రవాణా శాఖ నాకే నోటీసు పంపింది. అడిగితే బండి ఏడాదిగా షెడ్డులోనే ఉందంటున్నాడు. రోడ్డెక్కని బండికి పన్ను లేదని సుప్రీంకోర్టు చెప్పిందట కదా? బండి పోయిందని కంప్లయింట్ ఇస్తే బయటపడొచ్చని ఒకరు చెప్పారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆర్‌సీలో ఈ రోజుకీ ఎవరి పేరుంది? మీదే. మీ కేసు తేలేది అక్కడే. అమ్మినవారు 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఫారం 29 ఇచ్చి రసీదు తీసుకోవడం ఎంతసేపటి పని? ఇన్నేళ్లు ఊరుకోవడం మీ తప్పే.

మీరు విన్న తీర్పు 2025 ఆగస్టు నాటిది. ఆ కేసులోని వాహనాలు విశాఖ స్టీల్ ప్లాంటు ప్రహరీ లోపలే తిరిగాయి, సామాన్య జనానికి అక్కడ ప్రవేశం లేదు. మీ లారీ రోడ్డు మీద నడిచిన బండి. దాన్ని ఆపితే క్వార్టర్ మొదలవకముందే రవాణా శాఖకు స్టాపేజీ, అంటే బండి నడపడం లేదని, రాసివ్వాలి. ఆ కాగితం లేకపోతే షెడ్డు కథ నిలవదు. ఆర్‌సీ చెల్లుబాటులో ఉన్నంతకాలం, వాడకపోయినా పన్ను తప్పదని సుప్రీంకోర్టు 1987లోనే ఒక కర్ణాటక కేసులో చెప్పింది.

దొంగతనం కంప్లయింట్ మాత్రం కలలో కూడా ఇవ్వకండి. మీ స్నేహితుడు ఆ అగ్రిమెంటు తీసి చూపించిన మరుక్షణం ముద్దాయి మీరే అవుతారు. పన్ను బకాయి డబ్బుతో పోతుంది, తప్పుడు ఫిర్యాదు జైలు దాకా వెళ్తుంది.

ఇక కాలపరిమితి. పేరు మార్చుకోమని దావా వేసే మూడేళ్ల గడువు 2025 ఫిబ్రవరిలోనే దాటింది. అయినా మీ డబ్బుకు దారి ఉంది. 1963 నాటి మన రాష్ట్ర మోటారు వాహనాల పన్నుల చట్టం ప్రకారం బండి ఎవరి స్వాధీనంలో ఉంటే వారు కూడా పన్నుకు బాధ్యులే. అతను కట్టాల్సింది మీరు కడితే, కాంట్రాక్టు చట్టం 69వ సెక్షన్ కింద రాబట్టుకోవచ్చు. దానికి మూడేళ్లు మీరు కట్టిన రోజు నుంచి లెక్క. రసీదు మీ పేరుతోనే తీసుకోండి.

ముందు నోటీసులోని గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. బకాయి క్వార్టర్ల వారీగా చూపమనండి, అగ్రిమెంటు నకలు జతచేసి, బండి ఎక్కడుందో చెప్పి సీజ్ చేయమని కోరండి. పన్ను కట్టని వాహనాన్ని పట్టుకునే అధికారం వారికుంది. అతనికి స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపండి. అతను డబ్బిచ్చిన బ్యాంకు ఎంట్రీలు, అమ్మిన తర్వాతి ఈ-చలాన్లు, ఫాస్టాగ్ ఖాతా వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రం చేయండి. బండి అతని చేతిలో ఉందని రుజువు చేసేవి అవే. ఇప్పటికైనా పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద అతను సంతకాలు పెడతానంటే వెంటనే పెట్టించండి, గడువు దాటడం దానికి అడ్డు కాదు.

ఆ లారీ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో ఈ రోజే చూడండి. ఆర్‌సీలో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. పాలసీ లేకుండా అది ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం కూడా మీ మీదికే వస్తుంది.