అబద్ధమని తేలిపోయాక కూడా నాయకులు అదే మాట ఎందుకు పట్టుకు వేలాడతారు?

నిజం తెలీక కాదండీ. ఆ అబద్ధం మీద అందరూ మాట్లాడుకుంటుంటే వాళ్ళకి ఇబ్బందైన విషయాలు పక్కకి పోతాయి, అదీ లెక్క. నమ్మినోడు ఫార్వర్డ్ చేస్తాడు, నవ్వుకున్నోడూ చేస్తాడు. నేను రెండో బాపతు.

మేముండేది ఒహాయోలో కొలంబస్. ఇక్కడికి ముప్పావుగంట డ్రైవ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అని 60 వేలకి కాస్త తక్కువ జనాభా ఉన్న ఊరు. 2024 సెప్టెంబర్ 10న అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో ట్రంప్, అక్కడికి వలసొచ్చిన హైతీ దేశం వాళ్ళు కుక్కల్నీ పిల్లుల్నీ తినేస్తున్నారన్నాడు. సిటీ మేనేజర్‌ని అడిగాం, అలాంటి ఆధారాల్లేవన్నారని మోడరేటర్ అక్కడికక్కడే చెప్పినా, టీవీలో జనం చెప్తుంటే చూశాగా అన్నాడు. ఆ రాత్రే మా తెలుగు గ్రూపు నిండా మీమ్స్, నేను పగలబడి నవ్వి ఒక మూడు మా ఇంట్లోవాళ్ళ గ్రూపులో పడేశా.

తెల్లారేసరికి తెనాలి నుంచి అమ్మ ఫోను. "ఏరా, మీ పక్కూళ్ళో కుక్కల్ని తింటున్నారంటగా, మన చింటూగాణ్ణి బయటికి వదలకండి." అమ్మా అది ఉత్తిదే అంటే "ఉత్తిదైతే నువ్వెందుకు పంపావురా" అంది.

ఆ ఊళ్ళో అసలు కష్టాలు లేవా అంటే ఉన్నాయి, కొద్ది ఏళ్ళలోనే అంతమంది వచ్చేసరికి అద్దెలు పెరిగాయి, క్లినిక్కుల్లో రష్ పెరిగింది. కానీ అద్దెల గురించి మాట్లాడితే ఎవడు వింటాడు, ఇళ్ళు ఎలా కట్టిస్తావో కూడా చెప్పాలి కదా, పిల్లి కథకైతే ఆ బాధ లేదు. ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా పోటీ చేసిన వాన్స్ అయితే సీఎన్ఎన్‌లో, మీడియా జనం బాధ పట్టించుకోవాలంటే కథలు సృష్టించాల్సొస్తే సృష్టిస్తా అనేశాడు (సృష్టించడమంటే మీడియా ఫోకస్ తేవడమని వెంటనే సర్దుకున్నాడనుకోండి, అయినా నోరు జారినప్పుడే మనసు బయటపడేది).

తర్వాత స్కూళ్ళకీ సిటీ హాలుకీ 30కి పైగా ఉత్తుత్తి బాంబు బెదిరింపులు. ఆ ఊళ్ళోనే పుట్టిన గవర్నర్ డివైన్, వాళ్ళ రిపబ్లికన్ పార్టీయే, ఆధారాల్లేవని చెప్పి స్కూళ్ళకి పోలీసుల్ని పంపాల్సొచ్చింది. మరి ఓట్లేమైనా పోయాయా? నవంబర్లో ఆ ఊరున్న క్లార్క్ కౌంటీలో ట్రంపే గెలిచాడు. అబద్ధానికి ఖర్చు లేనప్పుడు ఎందుకు మానేస్తారు చెప్పండి.

మోడరేటర్ సరిదిద్దిన ఆ చిన్న వీడియో ముక్క మాత్రం మా గ్రూపులో ఎవరూ పెట్టలేదు, నాతో సహా.