బీకన్ బ్యాటరీ లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సీఆర్2032 కాయిన్ సెల్‌తో నడిచే బ్లూటూత్ బీకన్ (తన గుర్తింపును రేడియోలో పదేపదే ప్రసారం చేసే చిన్న పరికరం) తయారు చేశాను. చిప్ ఎన్‌ఆర్‌ఎఫ్52832. 3 వోల్టులుంటే 100 శాతం, 2 వోల్టులకు 0 శాతం అని లెక్కకట్టి పంపిస్తున్నాను. ఏడాదికి పైగా అంకె 90 దిగలేదు. ఒకరోజు 88 చూపించి, ఆ రాత్రే బీకన్ మూగబోయింది. ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే, చిప్‌లోని భాగం) తప్పు చూపిస్తోందా?

జవాబు: ఏడీసీ నిజమే చెబుతోంది. లిథియం మాంగనీస్ డయాక్సైడ్ సెల్ తీరే అంత. కరెంటు కొద్దికొద్దిగా తీసుకున్నంతకాలం 2.9–3.0 వోల్టుల దగ్గర నిలబడి, సరుకు అయిపోవచ్చాక గబగబా జారిపోతుంది. మీ లెక్కలో 2.9 వోల్టులంటే 90 శాతం కాబట్టి సెల్ బతికున్న రోజుల్లో ఎక్కువ భాగం అంకె అక్కడే ఉంటుంది.

సెల్ వయసు బయటపడేది దాని అంతర్గత నిరోధంలో. కొత్తదానికి సుమారు 10–20 ఓమ్‌లు ఉంటుంది. చివరికొచ్చేసరికి 50 దాటి వందకూ పోతుంది. చలిలో ఇంకా పెరుగుతుంది. 0 డీబీఎం (రేడియో ప్రసార శక్తి కొలత) వద్ద ప్రసారం చేసేటప్పుడు, డీసీ-డీసీ కన్వర్టర్ (వోల్టేజీని తక్కువ నష్టంతో తగ్గించే, చిప్‌లోని భాగం) ఆన్‌లో ఉంటే, ఈ చిప్ 5.3 మిల్లీఆంపులు తీసుకుంటుంది. కన్వర్టర్ వాడకపోతే రెట్టింపుకు పైనే. వంద ఓమ్‌ల సెల్ మీద మొదటి సందర్భంలో అర వోల్టు, రెండో సందర్భంలో ఒక వోల్టుకు పైగా పడిపోతుంది. మీ సెల్ మీద లోడ్ లేనప్పుడు, అంటే చిప్ పెద్దగా కరెంటు లాగనప్పుడు, 2.88 చూపించి ఉంటుంది. రేడియో ఆన్ అయిన ఆ మిల్లీసెకనులో 1.7 కిందికి దిగితే చిప్ రీసెట్ అవుతుంది. పగలు ఎలాగో నెట్టుకొచ్చిన సెల్ రాత్రి చలికి చేతులెత్తేయడం మామూలే. బోర్డు మీద డీసీ-డీసీకి కావలసిన ఇండక్టర్లు ఉండి కూడా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆన్ చేయకుండా వదిలేసేవాళ్లు చాలామంది. ముందు అది చూసుకోండి.

కాబట్టి కొలవాల్సింది లోడ్ ఉన్నప్పటి వోల్టేజీ. ప్రసారం జరుగుతుండగా కొలవమని చాలాచోట్ల రాస్తారు. సెల్‌కు సమాంతరంగా పెద్ద కెపాసిటర్ లేకపోతే అది సరైన సలహానే. 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటే మాత్రం ఆ పద్ధతి మోసం చేస్తుంది. 31 బైట్ల ప్యాకెట్ మూడు ఛానెళ్ల మీదా వెళ్లడానికి మొత్తం 1.1 మిల్లీసెకన్లు పడుతుంది. అంత కొద్దిసేపు కరెంటులో పెద్ద వాటా కెపాసిటరే ఇచ్చేస్తుంది. లెక్క వేస్తే 15 ఓమ్‌ల కొత్త సెల్ 42 మిల్లీవోల్టులు, 50 ఓమ్‌ల పాత సెల్ 53 మిల్లీవోల్టులు తగ్గుతాయి. ఈ పదకొండు మిల్లీవోల్టుల తేడాను నమ్ముకుని ఏం నిర్ణయిస్తాం?

దీనికి తేలికైన ఉపాయం ఉంది. ఖాళీగా ఉన్న ఒక పిన్‌ను హై డ్రైవ్‌లో (ఎక్కువ కరెంటు ఇవ్వగల సెట్టింగ్‌లో) పెట్టి, 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలపండి. రోజుకు ఒకసారి, రేడియో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ముందు ఒక రీడింగ్ తీసుకోండి. తర్వాత పిన్‌ను హై చేసి 20 మిల్లీసెకన్లు ఆగి, ఇంకో రీడింగ్ తీసుకుని, పిన్‌ను లో చేయండి. లోడ్ దాదాపు 3 మిల్లీఆంపులు. 2.96 నుంచి 2.81కి పడిందంటే 0.15ను 0.003తో భాగించండి: 50 ఓమ్‌లు. ఇందుకయ్యే ఖర్చు 60 మైక్రోకూలుంబులు, అంటే ఓ పది ప్యాకెట్ల ప్రసారం పాటి. ఆగే సమయాన్ని 5 మిల్లీసెకన్లకు కుదించకండి. 100 మైక్రోఫారడ్‌లు, 50 ఓమ్‌లు కలిస్తే కాలస్థిరాంకమే (వోల్టేజీ ఎంత వేగంగా మారుతుందో చెప్పే కొలత) 5 మిల్లీసెకన్లు, వోల్టేజీ పూర్తిగా కిందికి దిగేలోపే కొలిచేసినట్టవుతుంది.

ప్రశ్న: వీడీడీని (చిప్‌కు అందే సరఫరా వోల్టేజీని) నేరుగా కొలవవచ్చా, డివైడర్ (వోల్టేజీని పంచి తగ్గించే రెండు రెసిస్టర్లు) కావాలా? తరచూ కొలిస్తే బ్యాటరీ త్వరగా అయిపోతుందా?

జవాబు: కాయిన్ సెల్ నేరుగా చిప్‌కే వెళ్తుంటే డివైడర్ అక్కర్లేదు. ఏడీసీ ఇన్‌పుట్‌గా వీడీడీని, రిఫరెన్స్‌గా లోపలి 0.6 వోల్టును, గెయిన్‌గా (ఇన్‌పుట్‌ను ఎన్నో వంతుకు తగ్గించాలో చెప్పే సెట్టింగ్) ఆరో వంతును ఎంచుకుంటే పూర్తి స్కేలు 3.6 వోల్టులవుతుంది. 10 బిట్లలో 853 వస్తే 3.0 వోల్టులన్నమాట. సెల్‌కూ చిప్‌కూ మధ్య రెగ్యులేటర్ ఉంటే మాత్రం మీరు కొలిచేది రెగ్యులేటర్ అవుట్‌పుట్‌నే. అది చివరి గడియ దాకా అదే అంకె చెబుతుంది.

కొలవడానికి పట్టే సమయం మైక్రోసెకన్లలోనే, ఆ ఖర్చు లెక్కలోకి రాదు. అసలు ప్రమాదం కొలిచాక ఏడీసీని ఆపకపోవడం. స్టాప్ ఇచ్చి, డిసేబుల్ చేయకపోతే దాని క్లాకు తిరుగుతూనే ఉంటుంది. ఉదాహరణకు 400 మైక్రోఆంపులు అలా కారిపోతున్నాయనుకోండి, 220 మిల్లీఆంపియర్ అవర్ల సెల్ 23 రోజుల్లో ఖాళీ. బీకన్ రెండేళ్లు నడవాల్సింది నెల తిరక్కుండా ఆగిపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ప్రశ్న: రీచార్జబుల్ లిథియం పాలిమర్ బ్యాటరీకి 1 మెగాఓమ్ రెసిస్టర్లు రెండు పెట్టి కొలుస్తున్నాను. మల్టీమీటర్‌తో పోలిస్తే రీడింగ్ ఎప్పుడూ తక్కువే వస్తోంది.

జవాబు: ఏడీసీ పిన్‌కు మీ డివైడర్ 500 కిలోఓమ్‌ల మూలంలా కనిపిస్తుంది. 10 మైక్రోసెకన్ల అక్విజిషన్ సమయం (ఏడీసీ వోల్టేజీని పట్టుకోవడానికి ఇచ్చే సమయం) 100 కిలోఓమ్‌ల వరకే సరిపోతుంది. దాన్ని 40కి పెంచండి, 800 కిలోఓమ్‌ల దాకా పనికొస్తుంది. లేదా పిన్ దగ్గర 100 నానోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టండి. మల్టీమీటర్‌ను బ్యాటరీ కొసల మీదే పెట్టాలి. మధ్య బిందువు మీద పెడితే మీటరు సొంత 10 మెగాఓమ్‌లే రీడింగ్‌ను దాదాపు 5 శాతం తగ్గిస్తాయి.

ఈ డివైడర్ ఎప్పుడూ తాగే 2.1 మైక్రోఆంపులు ఏడాదికి 18 మిల్లీఆంపియర్ అవర్లు. 500 ఉన్న బ్యాటరీకి అది భారం కాదు. ఆదా కోసం కింది రెసిస్టర్‌ను ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్‌తో) తెంపేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. తెంపగానే పై రెసిస్టర్ ద్వారా 4.2 వోల్టులు పిన్ మీదికి వచ్చి, చిప్ రక్షణ డయోడు గుండా కారతాయి. స్విచ్ పెట్టాలంటే పైన, పీ-ఛానెల్‌తోనే.

ప్రశ్న: ఐబీకన్ (ఆపిల్ బీకన్ పద్ధతి) ప్యాకెట్‌లో బ్యాటరీ సమాచారం ఎక్కడ పెట్టాలి? ఎడ్డీస్టోన్ (గూగుల్ బీకన్ పద్ధతి) కూడా ప్రయత్నించాను, ఫోన్‌లో నేను రాసిన యాప్ 34 వోల్టులు చూపిస్తోంది!

జవాబు: ఐబీకన్‌లో అలాంటి చోటే లేదు. ఫ్లాగులతో కలిపి 31లో 30 బైట్లు నిండిపోతాయి. మైనర్ నంబరులో బ్యాటరీ అంకెను దూర్చే పద్ధతి మానుకోండి, బీకన్ గుర్తింపే రోజుకో రకంగా మారిపోతుంది. స్కాన్ రెస్పాన్స్‌లో (ఫోన్ అడిగితే పంపే అదనపు ప్యాకెట్‌లో) పెట్టవచ్చు గానీ, అప్పుడు ప్రతి ఛానెల్ మీదా పంపిన వెంటనే రిసీవర్‌ను కూడా ఆన్ చేయాలి, అదీ ఖర్చే. మామూలు ప్యాకెట్లు పంపుతూ, పదింట ఒకసారి ఎడ్డీస్టోన్ టీఎల్‌ఎం (బీకన్ స్థితిని చెప్పే ప్యాకెట్) పంపడం మేలు. అందులో వోల్టేజీ మిల్లీవోల్టుల్లో, ఉష్ణోగ్రత, ప్యాకెట్ల లెక్క, స్టార్ట్ అయినప్పటి నుంచి గడిచిన కాలం సెకనులో పదో వంతుల్లో ఉంటాయి.

మీ 34 వోల్టుల సంగతి బైట్ల వరుసలో ఉంది. 2950 మిల్లీవోల్టులు హెక్స్‌లో 0బి 86. టీఎల్‌ఎంలో పెద్ద బైటు ముందు వస్తుంది. మీరు తిరగేసి 86 0బి అని చదివితే 34,315. బీటీహోమ్ (సెన్సర్ సమాచారాన్ని ప్రసారం చేసే మరో పద్ధతి) దీనికి సరిగ్గా ఎదురు, చిన్న బైటు ముందు. రెండూ వాడేవాళ్లు ఎక్కడో ఒకచోట తప్పకుండా తడబడతారు.

బ్లూటూత్‌లోని ప్రామాణిక బ్యాటరీ సర్వీస్ (సంఖ్య 180ఎఫ్) గురించి కూడా కొందరు అడిగారు. దాన్ని చదవాలంటే ఫోన్ బీకన్‌కు కనెక్ట్ కావాలి, పైగా అందులో తప్పనిసరిగా ఉండేది శాతం మాత్రమే. ప్రసారం మాత్రమే చేసే బీకన్‌కు అది నప్పదు.

ప్రశ్న: వాడేవాళ్లకు మిల్లీవోల్టులు అర్థం కావు, శాతమే కావాలంటున్నారు.

జవాబు: శాతం లెక్క యాప్‌లో వేయండి, బీకన్‌లో కాదు. పట్టిక తప్పయితే యాప్‌ను అప్‌డేట్ చేయవచ్చు. గోడల మీద అంటించిన బీకన్లను ఒక్కొక్కటీ ఊడదీయక్కర్లేదు. రెండు ఏఏ ఆల్కలైన్ సెల్స్ అయితే 3.2 నుంచి 1.8 దాకా క్రమంగా దిగుతాయి కాబట్టి శాతానికి కొంత అర్థం ఉంటుంది. కాయిన్ సెల్‌కు మూడు మెట్లు చాలు. 1 కిలోఓమ్ లోడ్ మీద 2.6 పైన ఉంటే బాగుంది, 2.6–2.3 మధ్య ఉంటే మార్చాలి, 2.3 దిగితే వెంటనే మార్చాలి. ఒక చలిరాత్రి రీడింగ్‌ను చూసి హెచ్చరిక పంపకుండా, వరుసగా మూడు రోజులు అలాగే ఉంటేనే పంపండి. టీఎల్‌ఎంలోని కాలం లెక్క, ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ సున్నా నుంచి మొదలైతే మాత్రం మూడు రోజులు ఆగొద్దు. బీకన్ వోల్టేజీ చాలక రీసెట్ అవుతోందని ముందు అనుమానించి, వోల్టేజీ అంకె ఎంత బాగున్నా సెల్ మార్చేయండి.