ఉగాండా ఇంటర్న్‌షిప్‌కి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి విశాఖలోనే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) మొదటి సంవత్సరం చదువుతోంది. ఉత్తర ఉగాండాలో గ్రామీణ ఆరోగ్యం, శాంతి స్థాపన మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఒకటి మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఎంపిక చేసిందట. ప్రోగ్రామ్ ఫీజు లక్షా ఎనభై వేలు, టికెట్ ఖర్చు కూడా మాదే. ఆఫ్రికా అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్. పంపితే కెరీర్‌కి పనికొస్తుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీకు దేశం గురించి భయం. నాకు ఆ ఫీజు మీద అనుమానం.

ముందు దేశం సంగతి చూద్దాం. ఉత్తర ఉగాండాలో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ తిరుగుబాటు దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. 2006లో పోరు ఆగాక, శిబిరాల్లో తలదాచుకున్న లక్షల మంది మెల్లగా ఊళ్లకు చేరారు. చిన్నప్పుడే ఎత్తుకెళ్లి తుపాకీ పట్టించిన పిల్లలు, వాళ్ల చేతుల్లో నష్టపోయిన కుటుంబాలు ఒకే ఊళ్లో బతకాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి ఖాళీగా పడివున్న పొలాల గట్లు ఎక్కడో తేలక తగాదాలు మొదలయ్యాయి. అలాంటి చోట నేరుగా 'రాజీపడదాం రండి' అంటే ఎవరూ రారు. పిల్లల టీకాలు, తాగునీళ్లు అంటే వస్తారు. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధంలో 1985 నుంచి ఏటా కొన్ని రోజులు రెండు పక్షాలూ కాల్పులు ఆపి పిల్లలకు టీకాలు వేయనిచ్చాయి. కాబట్టి ఆరోగ్యం, శాంతి కలిపి చేసే పని ఉత్త మాట కాదు, నిజంగా ఉన్న రంగమే.

అయితే మూడు నెలలకు వెళ్లే విద్యార్థిని అక్కడ ఏం చేయగలదు? మనకు ఆశా కార్యకర్తలు ఉన్నట్టే ఉగాండాలో ఊరూరా విలేజ్ హెల్త్ టీమ్‌లు ఉన్నాయి. ఇంటింటికీ తిరిగేది వాళ్లే. ఉత్తర ఉగాండాలోని ముఖ్య పట్టణం గులూ వైపు జనం మాట్లాడేది అచోలి భాష, మీ అమ్మాయికి దుబాసీ కావాలి. సమావేశాల్లో కూర్చుని మినిట్స్ రాయడం, రిజిస్టర్లు సరిచూడటం, నివేదికలకు సాయపడటం... ఇంటర్న్ పని చాలావరకు ఇదే, ఇందులో నేర్చుకునేదీ చాలానే ఉంది. అలాకాక ఇంజెక్షన్లు వేయిస్తామనో, యుద్ధ బాధితులకు కౌన్సెలింగ్ చేయిస్తామనో చెబితే ఆ సంస్థకు దూరంగా ఉండండి. ఇక్కడ చేయడానికి అర్హత లేని పని అక్కడ పేదవాళ్ల మీద చేయకూడదు.

ఇక డబ్బు. ఫీజు అడిగిన ప్రతి సంస్థా మోసం కాదు, తిండికీ బసకూ తీసుకునేవి ఉన్నాయి. కానీ లక్షా ఎనభై వేలలో గులూకి చేరేదెంత, మధ్యలో ఏజెంటుకు పోయేదెంత? లెక్క రాతపూర్వకంగా అడగండి. అక్కడ మీ అమ్మాయి పనిని చూసే అధికారి పేరు, రోజువారీ పని వివరం, ఏ వీసా మీద పిలుస్తున్నారన్నది కూడా రాయించుకోండి. 'టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, ఎవరూ పట్టించుకోరు' అన్నారంటే అక్కడితో ఆపేయండి. గతంలో వెళ్లొచ్చిన ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమనండి. సంస్థ మంచిదైతే వీటికి విసుక్కోదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఎంపికలో ఏ దశలోనూ ఫీజు తీసుకోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2020 నుంచి ఇంటర్న్‌లకు తనే స్టయిపెండ్ ఇస్తోంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, నిజమే. అయినా ప్రయత్నించకుండా లక్షలు కట్టడం ఎందుకు?

కెరీర్‌కి పనికొస్తుందా అన్నారు. ఇంటర్వ్యూలో 'ఉగాండా వెళ్లొచ్చాను' అన్న మాటకు అయిదు నిమిషాలు విలువ. ఆ తర్వాత 'ఏం చేశావు?' అని అడుగుతారు. చెప్పడానికి పని ఉండాలి, ఆ పని చూసినవాళ్ల సిఫారసు లేఖ ఉండాలి. అందుకే నా సలహా: ఈ ఏడాది ఫీల్డ్‌వర్క్ పాడేరు, అరకు వైపు పెట్టించుకోమనండి. గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే కొండ ఊళ్లు ఇంకా అక్కడ ఉన్నాయి. మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య నలిగిన జనమూ అక్కడ ఉన్నారు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో మన తెలుగుకే దుబాసీ కావాలి. ఆరోగ్యం, భాష, అపనమ్మకం మూడూ కలిసిన ఆ పని చేసిన పిల్లను విదేశీ సంస్థ కూడా వేరుగా చూస్తుంది. బహుశా ఫీజు మాటే రాకపోవచ్చు.

ఆ సంస్థ జవాబులన్నీ సరిగ్గా ఉండి, అమ్మాయికీ ఇష్టమైతే రెండో ఏడాది సెలవుల్లో పంపండి. ఆడపిల్ల కాబట్టి వద్దనకండి. బస ఎక్కడ, రాత్రిపూట ప్రయాణాలు ఉంటాయా అన్నవి ముందే తేల్చుకోండి, దిగగానే కంపాలాలోని భారత హైకమిషన్‌కు వివరాలు ఇమ్మనండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని ముందే అడగండి. పాస్‌పోర్టు లేకపోతే మాత్రం ఏదీ తేలేదాకా ఆగొద్దు, ఈ వారమే అప్లై చేయించండి.