పసుపెక్కిన హెడ్‌లైట్లు: మా నాన్నగారి కారుకి రెండుసార్లు చేశాక తెలిసింది

మీది పన్నెండేళ్ల కారు, హెడ్‌లైట్లు రెండూ పచ్చగా మసకబారాయి, టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందా లేక కొత్తవి వేయించాలా అని అడిగారు. రుద్దితే పోతుందండి. కానీ మళ్లీ వస్తుంది. అది రాకుండా ఏం చేయాలన్నదే అసలు పని. మా నాన్నగారి 2011 మోడల్ కారుకి నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసింది ఆరు నెలలు కూడా నిలవలేదు. రెండోసారి చేసింది ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది, ఇంకా స్పష్టంగానే ఉంది.

నేను దీన్ని పట్టించుకోవడానికి కారణం ఒక రాత్రి. జనవరిలో సూర్యాపేట నుంచి విజయవాడ వస్తున్నాం, నాన్నగారు నడుపుతున్నారు. మునగాల దాటాక గడ్డి వేసుకెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ ఒకటి, వెనక లైటూ లేదు, రిఫ్లెక్టరూ లేదు, బాగా దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. బ్రేక్ గట్టిగా వేశారు. "నాన్నా, లైట్లు వేశారా?" అంటే "వేసే ఉన్నాయిరా, అప్పర్‌లోనే ఉంది" అన్నారు. ఆయనకి చూపు తగ్గిందేమోనని ఇంట్లో అందరం అనుకుంటూ వచ్చాం. తప్పు లైట్లది.

మర్నాడు బల్బులు మార్పించాం, తేడా రాలేదు. ఒక మెకానిక్ ఎక్కువ వాట్ల బల్బులు వేద్దామన్నాడు, నేను వద్దన్నాను. ఇలాంటి కార్లకి మామూలుగా వచ్చేది 60/55 వాట్ల బల్బు. అంతకు మించి వేస్తే వైరింగూ హోల్డరూ వేడెక్కుతాయి. పైగా మసక ప్లాస్టిక్ గుండా వెళ్లే వెలుతురు రోడ్డు మీద పడకుండా చెదిరిపోయి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

పాత అంబాసిడర్ లైట్లు గాజువి కాబట్టి ఎన్నేళ్లయినా పచ్చబడవు. ఇప్పటి కార్లవి పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలితే గాజులా పగలదు గానీ ఎండకి ఆగదు. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద సన్నని గట్టి పూత వేస్తారు. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలకి ఆ పూత ఏళ్ల తరబడి మాడి, పొలుసులుగా లేచి, కింద ప్లాస్టిక్ పచ్చబడుతుంది. మీరు చూస్తున్న మసక చాలావరకు ఆ చచ్చిపోయిన పూతే.

ముందు ఒక పరీక్ష చేయండి. లైటు మీద మగ్గుతో నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు మసక బాగా తగ్గి లోపలి బల్బు స్పష్టంగా కనపడితే పాడైంది పైపొరే, బాగవుతుంది. తడిపినా అలాగే ఉంటే, లేదా లోపల చెమ్మ పట్టి ఉన్నా, ప్లాస్టిక్ లోతుల్లో జల్లెడలాగా సన్నని పగుళ్లు ఉన్నా, బయట ఎంత రుద్దినా లాభం లేదు.

టూత్‌పేస్టులో ఉండేది మెత్తని రాపిడి పొడి. పైన కొంచెం గీకుతుంది, ఆ రోజుకి మెరుస్తుంది, అంతే. దోమల క్రీము రాస్తే క్షణాల్లో మెరిసిపోయే వీడియోలు చూసి ఉంటారు. అందులోని మందు ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది, దయచేసి ఆ జోలికి పోవద్దు. పెట్రోలు, థిన్నర్ కూడా అంతే, పాలీకార్బొనేట్‌కి పగుళ్లు తెస్తాయి.

మొదటిసారి నేను 800, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబర్ పెరిగేకొద్దీ మెత్తన) వరసగా వాడి, చివర రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ పేస్టు పట్టించి, వ్యాక్స్ రాశాను. చూడ్డానికి షోరూమ్ లైట్లలా అయ్యాయి. ఎండాకాలం దాటేసరికి మళ్లీ పచ్చన. ఉన్న కాస్త పూతనీ నేనే గీకేశాను, దాని స్థానంలో ఏమీ వేయలేదు. వ్యాక్స్ నాలుగు వానలకి పోతుంది.

రెండోసారి చేసింది చెప్తాను. లైటు చుట్టూ బానెట్, బంపర్ మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేశాను. బకెట్ నీళ్లలో రెండు చుక్కలు షాంపూ కలిపి, 600 నంబర్ పేపర్‌ని అందులో నానబెట్టి అడ్డంగా రుద్దాను. మొదట కారే నీళ్లు పసుపుగా, జిగటగా ఉంటాయి. పేపర్ ఒకచోట జారుతూ, ఒకచోట పట్టుకున్నట్టు ఉంటే అక్కడ పాత పూత ఇంకా మిగిలి ఉన్నట్టు. కారే నీళ్లు పాలలా తెల్లబడి, పేపర్ అంతటా ఒకేలా జారాకే ఆపాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నాకు ఒక్కో లైటుకి ముప్పావు గంట పట్టింది. తర్వాత 1000తో నిలువుగా, పాత అడ్డగీతలు ఒక్కటీ కనపడకుండా పోయేదాకా.

అక్కడితో ఆపేశాను, పాలిష్ పెట్టలేదు. ఆ దశలో లైటు బాత్రూమ్ కిటికీకి వేసే మసక గాజులా తెల్లగా ఉంటుంది, చూస్తే పాడుచేశామేమో అని టెన్షన్ వస్తుంది. అలాగే కారుని ఆటోనగర్‌లో ఒక పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేరే కారు బంపర్‌కి కలిపిన క్లియర్ కోట్‌నే (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) స్ప్రే గన్‌తో పల్చగా ఒకటి, పది నిమిషాలాగి నిండుగా ఇంకొకటి కొట్టారు. గన్ ఒక చివర నుంచి ఇటు వస్తుంటే దాని వెనకాలే తెల్లదనం పోయి లోపలి బల్బు, రిఫ్లెక్టర్ గీతలతో సహా బయటపడ్డాయి. పూత ఆ సన్నని గీతల్ని నింపేస్తుంది, పైగా ఆ గరుకు ఉంటేనే గట్టిగా పట్టుకుంటుంది. అందుకే పాలిష్ పెట్టలేదు.

ఆ క్లియర్ కోట్ హార్డెనర్ (పూతని గట్టిపరిచే మందు) కలిపినది, యూవీ తట్టుకునేది అయి ఉండాలి, అడిగి మరీ వేయించండి. దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మామూలు మాస్కు ఆపదు, కాబట్టి ఇంట్లో సొంతంగా కొట్టొద్దు. నా దగ్గర 500 తీసుకున్నారు, పేపర్లూ టేపూ కలిపి ఇంకో 150 అయింది. వారం దాకా వాటర్ సర్వీసింగ్ చేయించలేదు.

కొత్త లైట్లు లోపల పాడైతేనే కొనండి. ముందు నీళ్లు పోసి చూసి, తడిలో ఎలా కనపడ్డాయో ఇక్కడే రాయండి. లోపల చెమ్మ ఉందంటే అది వేరే పని, దాని గురించి అప్పుడు చెప్తాను.