సావో పాలోలో జపాన్ పేట

ప్రశ్న: మా అమ్మాయి బ్రెజిల్‌లోని సావో పాలోలో ఉంటోంది. జనవరిలో వెళ్తున్నాం. అక్కడి జపాన్ వాళ్ల పేట చూడదగ్గదేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా చూడండమ్మా. అయితే లిబెర్దాజీలో ఎర్ర తోరణం కింద ఫోటో దిగి వెనక్కి రాకండి. అదే పేటలో, సావ్ జోఆకిం వీధిలో జపాన్ వలసల మ్యూజియం ఉంది. 1908 జూన్ 18న కసాతో మారు ఓడలో 781 మంది శాంతోస్ రేవుకు చేరారు, కాఫీ తోటల్లో కూలికి. ఆ సంగతులు చదువుతుంటే నాకు రంగూన్ ఓడెక్కిన మన ఉత్తరాంధ్ర వాళ్లే మెదిలారు. ఇబిరాపువేరా పార్కులో 1954 నాటి జపాన్ మంటపం కూడా ఉంది. చెరువులో చేపలకు మేత వేస్తూ మా మనవడు గంటసేపు కదల్లేదు.

బయలుదేరే ముందు మన బీచ్ రోడ్డు మ్యూజియంలో 1942 నాటి జపాన్ బాంబు చూశారా? ముందు అది చూడండి.