ముత్తాత తమ్ముడి జాడ మారిషస్‌లో దొరుకుతుందా?

ప్రశ్న: మా ముత్తాతగారి తమ్ముడు 1880 ప్రాంతంలో చెరకు తోటల పనికి మారిషస్ ఓడ ఎక్కి తిరిగి రాలేదని మా నాయనమ్మ చెప్పేది. వచ్చే ఏడాది అమ్మను తీసుకుని అక్కడికి వెళ్లాలనుకుంటున్నాను. ఆయన వివరాలు ఎక్కడ వెతకాలి? అమ్మకు తోటలంటే ప్రాణం, ఏవి చూపించాలి?
— ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: టికెట్లు కొనకముందే మారిషస్‌లోని మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు రాయండి. 1834 నుంచి 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా అక్కడికి చేరిన లక్షలాది మంది రిజిస్టర్లు ఆ సంస్థ భద్రపరిచింది. ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. దాని వెంట తండ్రి పేరు, వయసు, కులం, గ్రామం, జిల్లా, ఓడ పేరు వంటి వివరాలు, కొందరికైతే ఫొటో కూడా దొరుకుతాయి. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే.

జిల్లా దగ్గర నెల్లూరు అనే వెతకండి, అప్పట్లో మీ కందుకూరు ఆ జిల్లాలోనే ఉండేది. ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు. ఒంగోలు తాలూకా సైతం 1904లో గుంటూరు జిల్లాలో చేరేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. గుమాస్తాలు తమ చెవికి వినబడినట్టు రాసుకున్నారు కాబట్టి పేరును నాలుగైదు రకాలుగా ఊహించి చూడాలి. ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోకండి, ఎందుకంటే అక్కడ చాలా కుటుంబాలకు ఓడ దిగిన మనిషి పేరో, ఆయన తండ్రి పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. మీ ముత్తాతగారి తండ్రి పేరు పాత భూమి దస్తావేజుల్లో ఉందేమో ఇప్పుడే చూడండి. అన్నిటికన్నా అదే ముఖ్యం.

రాజధాని పోర్ట్ లూయీ రేవులో, ఒప్పంద కూలీలు ఓడ దిగిన ఆప్రవాసి ఘాట్‌ను తప్పక చూడాలి. 1849లో కట్టిన ఆ కట్టడాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వచ్చినవారు ఎక్కిన 16 మెట్లు నేటికీ ఉన్నాయి. మీ పెద్దాయన కూడా వాటిమీదుగానే ఆ దేశంలో అడుగుపెట్టి ఉంటారు. అక్కడ తొందరపడకుండా ఒక పూటంతా గడపండి.

అమ్మగారికి పాంప్లెమూస్ ఉద్యానవనం చాలు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి అధికారి పియేర్ ప్వావ్ర్ జాజికాయ, లవంగం మొక్కలను తెప్పించి పెంచిన తోట అది. పళ్లేలంత వెడల్పాటి ఆకులు పరుచుకున్న అమెజాన్ కలువల కొలనుతోపాటు, ఒకప్పుడు తాళపత్ర గ్రంథాలకు ఆకులిచ్చిన శ్రీతాళ వృక్షాలనూ ఆవిడకు చూపించండి. దశాబ్దాలపాటు పెరిగి, జీవితంలో ఒక్కసారే పూసి ఎండిపోయే చెట్టు అది.

వీలైతే ఉగాదికి వెళ్లండి. అది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. తెలుగువారి ఆలయాల్లో పెద్దలను కలిసి నంబరు, ఓడ పేరు చూపించి అడగవచ్చు. ఇళ్లలో ఎక్కువగా ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష మాట్లాడతారు కనుక, వివరాలను ఫ్రెంచిలోనూ రాయించిన కాగితం దగ్గర ఉంచుకోండి.