"నేనెవరో చెప్పు చూద్దాం" అని మాత్రం అడగకండి

మీ తాతయ్య మంచం పట్టారు, మిమ్మల్నే గుర్తుపట్టడం లేదు, ఎలా తట్టుకోవాలని అడిగారు. తట్టుకోవడం తర్వాత సంగతి. ముందు ఆయన్ని "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడగడం మానేయండి. చూడటానికొచ్చే చుట్టాల చేత కూడా మాన్పించండి.

మాది సింగరాయకొండ దగ్గర పల్లె. తాత జీవితమంతా పొగాకు పండించాడు, చివరి రెండేళ్లు మతిమరుపుతో మంచాన ఉన్నాడు. వచ్చిన ప్రతివాళ్లూ పళ్ల కవరు పక్కన పెట్టి పరీక్ష మొదలుపెట్టేవాళ్లు. ఒకాయన "మనది ఏ జిల్లా పెదనాయనా?" అన్నాడు. "నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా" అన్నాడు తాత. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మాది నెల్లూరు జిల్లానే. ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? ఈ జబ్బులో నిన్నమొన్నటివి ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి.

నేనూ మొదట్లో తప్పే చేశాను. రాత్రి రెండింటికి లేచి కూర్చుని "అబ్బయ్యా, బ్యారన్ కాడ ఎవురున్నారు?" అనేవాడు. బ్యారన్ అంటే పొగాకు కాల్చే, అంటే కట్టెల వేడికి ఆకు ఎండబెట్టే, కొట్టం. "బ్యారన్ పడగొట్టి ఎనిమిదేళ్లయింది తాతా" అనేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ అది అప్పుడే కూలినట్టు బిత్తరపోయేవాడు. తర్వాత దుప్పటి అంచు పట్టుకుని, కర్రకు ఆకు కడుతున్నట్టు వేళ్లు తిప్పుతూ తెల్లారేదాకా కూర్చునేవాడు.

ఒక రాత్రి ఇక చూడలేక "నాన్న ఉన్నాడు తాతా" అన్నాను.

"వేడి ఎంతుంది?"

"నూట అరవై."

"అయితే ఈనె ఎండతా ఉండాది. కట్టెలు మరీ ఎగదొయ్యొద్దని చెప్పు" అని పడుకున్నాడు. హాయిగా నిద్రపోయాడు.

ఆ తర్వాత రోజూ అదే సమాధానం. నాన్నకి నచ్చేది కాదు, "ముసలాయనతో అబద్ధాలేందిరా" అని కోప్పడేవాడు. నా దృష్టిలో అది అబద్ధం కాదు. ఆయన ఉన్నచోటికి మనం వెళ్లి మాట్లాడటం, అంతే.

ఒక్క మాట. గందరగోళం ఉన్నట్టుండి ఎక్కువైతే "వయసు కదా" అని వదిలేయకండి. ముసలివాళ్లకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలా అవుతుంది, డాక్టర్‌కి చూపించండి. మాకు ఒక డాక్టర్ కూడా వయసేనని పంపించేశాడు, ఇంకోచోట చూపిస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. "నిండు వయసులో పోయాడు, ఏడవకూడదు" అనేవాళ్ల మాటా పట్టించుకోకండి. ఎనభై ఆరేళ్ల మనిషి పోతే ఎనభై ఆరేళ్ల మనిషి కోసమే ఏడుస్తాం.

ఊళ్లో బ్యారన్లు కాలే రోజుల్లోనే పోయాడు. ఆఖరి రాత్రి మాట లేదు, నీళ్లు దిగడం లేదు, తడి దూదితో పెదాలు అద్దుతున్నాం. కిటికీలోంచి ఎవరిదో ఆకు కాలుతున్న వాసన వస్తోంది. రెండు దాటాక నాన్న లేచి మంచం పక్కన కూర్చున్నాడు. తాత చెవి దగ్గరికి వంగి, "నూట అరవై పట్టింది నాన్నా. ఈనె బాగా ఎండింది. పొయ్యి ఆర్పి తలుపులు తీశా, పొద్దున్నే దించుదాం" అన్నాడు.